సొంతూరి మ్యాచ్‌కి రిఫరీగా నిలబడొచ్చా?

గుంటూరు_విజిల్
రెండేళ్ళ కింద కబడ్డీ రిఫరీ పరీక్ష పాసయ్యాను. అప్పటినుంచి స్కూల్ పోటీలు, మండల స్థాయి పోటీలు కలిపి ముప్పై మ్యాచ్‌ల దాకా చేసి ఉంటాను. ఈ సంక్రాంతికి మా అమ్మమ్మగారి ఊళ్ళో టోర్నమెంట్ పెడుతున్నారు. పన్నెండు జట్లు, భోగి నాడు మొదలుపెట్టి కనుమ రాత్రి ఫైనల్. కమిటీలో మా మేనమామ ఉన్నాడు. ఊరి జట్టులో మెయిన్ రైడర్, అంటే కూతకెళ్ళేవాడు, ఆయన కొడుకే, మా బావమరిది. "ఇంట్లో రిఫరీని పెట్టుకుని బయటివాళ్ళకి డబ్బులెందుకు, నువ్వే రా" అంటున్నాడు మామయ్య.

నాకు చుట్టరికం కంటే నా మీద నాకే భయం ఎక్కువ. నిరుడు ఒక బాలికల పోటీలో తప్పు చేశాను. రైడర్ బోనస్ గీత దాటింది, వెనక కాలు గాల్లో ఉంది, చక్కగా కనిపించింది. వెంటనే బోనస్ పాయింట్ ఇచ్చేశా. అవతల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేదు. ఉన్నది ఐదుగురే. ఆరుగురుంటేనే కదా బోనస్. ఎవరూ అడగలేదు, నాకే రెండు రైడ్ల తర్వాత వెలిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఐదు నిమిషాలకి అదే జట్టు పిల్ల కూతకి వెళ్తే, కూత కాస్త సన్నగిల్లిందంతే, తెగలేదు. నేను తెగిందని విజిల్ వేసి అవుట్ ఇచ్చా. లెక్క సరిపోయిందనుకున్నా.

ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. నడి గీత మీద నిలబడి నా వైపు చూసింది. చేతికంటిన మట్టి దులుపుకుని వెళ్ళి, అవుటైనవాళ్ళు కూర్చునే సిట్టింగ్ బ్లాక్‌లో కూర్చుంది. ఏడాదైంది, ఆ చూపు పోవట్లేదు.

సీనియర్లు చెప్పండి. వెళ్ళాలా, మానాలా? వెళ్తే ఎలా సిద్ధపడాలి?

కృష్ణలంక_కుర్రాడు
మానెయ్ అన్నా. మామయ్య కోపం పండగైపోతే పోతుంది. ఊరికి అనుమానం వస్తే అది పోదు.

నంబూరు_రైడర్
నేను యూనివర్సిటీ జట్టుకి ఆడాను, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నా. మీరు చెప్పిన ఆ అమ్మాయి స్థానంలో నేను నాలుగైదు సార్లు ఉన్నా. బోనస్ తప్పుగా ఇచ్చింది మీరు. దానికి అవుట్ అయింది ఆమె. మా వాళ్ళు దీన్ని "సర్దుబాటు విజిల్" అంటారు. రిఫరీ కంటికి అది జట్టు లెక్క. కూత పెట్టిన మనిషికి మాత్రం తన ఊపిరి, తన కష్టం. కూత తెగలేదని తనకి తెలుసు కదా. మీరు నిజం రాశారు కాబట్టి కోపంగా రాయట్లేదు, కానీ బాధగా ఉంది.

గుంటూరు_విజిల్
మీరన్నది నిజమే అక్కా. అందుకే అడుగుతున్నా.

పటమట_వాలీబాల్
మానెయ్యమనడం తేలిక. మన పల్లెల్లో చుట్టరికం లేని రిఫరీని ఎక్కడ తెస్తారు? వరస కలపడం మొదలుపెడితే కంకిపాడు నుంచి కైకలూరు దాకా అందరూ బావలూ బాబాయిలే. నేను ఇరవై ఏళ్ళుగా వాలీబాల్ చేస్తున్నా, మా తమ్ముడు ఆడే జట్టుకి కూడా చేశాను. మొదటే బయటికి చెప్పేస్తే సగం గొడవ తగ్గుతుంది. దాచి నిలబడ్డారంటే మాత్రం న్యాయంగా చేసినా ఎవరూ నమ్మరు.

సిద్ధపడటం గురించి నా వరకు ఒకటే చెప్తా. వెళ్ళగానే మనుషుల దగ్గరికి వెళ్ళను, నెట్ దగ్గరికి వెళ్తా. మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24. మధ్యలో కొలుస్తాను, రెండు చివర్లూ కొలుస్తాను. చివర్లలో ఎత్తు సమానంగా ఉండాలి, మధ్య కంటే 2 సెంటీమీటర్లకి మించి ఎక్కువ ఉండకూడదు. కొలిచేటప్పుడు రెండు జట్ల కెప్టెన్లనీ పక్కన నిలబెట్టుకుంటా. ఆ ఐదు నిమిషాల్లో వాళ్ళకి తెలిసిపోతుంది ఈ మనిషి ఎలాంటివాడో.

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
పటమట తమ్ముడితో సగం ఒప్పుకుంటా. ముందే చెప్పడం అవసరం. కానీ సొంత తమ్ముడి మ్యాచ్ చెయ్యడం నేను ఒప్పుకోను. నువ్వు న్యాయంగానే చేసి ఉంటావు నాయనా, అవతలి జట్టు కుర్రాళ్ళ సంగతి ఆలోచించు. ఓడితే ఇంటికెళ్ళి ఏమనుకుంటారు? బాగా ఆడలేదు అనుకునే అవకాశమే వాళ్ళకి లేకుండా పోతుంది.

విజిల్ బాబూ, ముప్పై ఒక్క ఏళ్ళు గుంటూరు జిల్లా పల్లెల్లో చేశాను. నా పద్ధతి రాస్తా, పనికొస్తే తీసుకో.

ముందు రోజు రాత్రి త్వరగా తిని పడుకోవాలి. మ్యాచ్‌కి గంటన్నర ముందే గ్రౌండ్‌లో ఉండాలి. టేపు నీదే తీసుకెళ్ళు. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడి గీత నుంచి బాక్ లైన్, అంటే రైడర్ తప్పకుండా దాటాల్సిన గీత, 3.75 మీటర్లు, అక్కడినుంచి బోనస్ గీత ఇంకో మీటరు. పల్లెల్లో గీతలు కాలి అడుగులతో గీస్తారు, ఒక పక్క అరడుగు తేడా వస్తుంది. బోనస్ ఆటగాడికి అదే ప్రాణం. మట్టి కోర్టు మీద సున్నం రెండు రైడ్లకే చెదిరిపోతుంది. హాఫ్ టైమ్‌లో మళ్ళీ పోయించు, బకెట్‌లో సున్నం అట్టేపెట్టమని ముందే చెప్పు.

తర్వాత గోళ్ళు. రెండు జట్లనీ వరసగా నిలబెట్టి చేతులు చాపించు. గోళ్ళు కత్తిరించుకుని ఉండాలి, ఒంటికి నూనె ఉండకూడదు, ఉంగరాలు మొలతాడు బిళ్ళలు లాంటివి ఉండకూడదు. జేబులో నెయిల్ కట్టర్ పెట్టుకో. ఒకసారి మా ఊరి కుర్రాడి గోళ్ళు నేనే కత్తిరించా, వాళ్ళ నాన్న పక్కనే నిలబడి చూస్తుండగా. మిగతా పదమూడు మందికీ నేను వేరే ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

భోజనం కమిటీ పెట్టింది తినొచ్చు, కానీ కమిటీ వాళ్ళింట్లో తినకు. తేడా ఉంది. టెంట్‌లో అందరితో కలిసి తిను. మేనమామ ఇంటికి మ్యాచ్‌లయ్యాకే వెళ్ళు.

గుంటూరు_విజిల్
మాస్టారూ, మా అత్తయ్య ఊరుకోదండీ. అరిసెలు, పులిహోర చేసి కూర్చుంటుంది.

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
అరిసెలు పాడవ్వవు. కనుమ తర్వాత తిను.

బెజవాడ_అంపైర్
క్రికెట్‌లో ఈ చర్చ ఎప్పుడో జరిగింది. వందేళ్ళకి పైగా టెస్టులకి ఆతిథ్య దేశం అంపైర్లే నిలబడేవాళ్ళు. ఏ జట్టు ఎక్కడ ఓడినా అంపైర్లనే తిట్టేది. 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ లాహోర్‌లో ఆడినప్పుడు మన దేశం నుంచి వి.కె. రామస్వామి, పిలూ రిపోర్టర్‌లను పిలిచారు. మూడో దేశం నుంచి అంపైర్లను పిలిపించి టెస్టులో నిలబెట్టడం అప్పుడు మొదలైంది. 1994 నుంచి ప్రతి టెస్టుకీ ఒకరు, 2002లో ఇద్దరూ బయటి దేశం వాళ్ళే ఉండాలని రూల్ పెట్టారు.

ఇంటి అంపైర్లందరూ మోసగాళ్ళని కాదు. చూసేవాళ్ళకి నమ్మకం కుదరాలి. కాబట్టి మాస్టారి మాటే నాది కూడా. నీ ఊరి మ్యాచ్ నువ్వు చెయ్యకు, మిగతావి చెయ్యి.

పటమట_వాలీబాల్
అన్నా, అదే క్రికెట్‌లో 2020లో కరోనా వచ్చి ప్రయాణాలు ఆగినప్పుడు మళ్ళీ ఇంటి అంపైర్లనే పెట్టారు. జట్లకి రివ్యూ ఒకటి ఎక్కువ ఇచ్చి ఆట నడిపించారు. కొంపలేం మునగలేదు. వసతి లేనప్పుడు ఉన్నవాళ్ళతోనే చెయ్యాలి, దానికి తగ్గ కాపలా పెట్టుకోవాలి. నేననేది అదే.

బెజవాడ_అంపైర్
రివ్యూకి కెమెరాలున్నాయి. కనుమ రాత్రి సున్నం గీతల మీద ఏ కెమెరా ఉంటుంది?

కృష్ణలంక_కుర్రాడు
ఫోన్లుంటాయి కదా అన్నా, ఊరంతా తీస్తారు.

ఒంగోలు_గిత్త
మాది బండ లాగుడు పోటీలు. అక్కడ కూడా జడ్జీలే కీలకం. ఎడ్ల జత ఇచ్చిన నిమిషాల్లో ఎంత దూరం లాగితే అదే లెక్క, అడుగులు అంగుళాల్లో రాస్తాం. లక్షలు పోసి మేపిన ఎడ్లు, యజమానులకి పరువు సమస్య. అందుకని మేం టైమ్‌కి రెండు వాచీలు పెడతాం, ఇద్దరు వేర్వేరు ఊళ్ళ వాళ్ళ చేతుల్లో. టేపు ఒక చివర జడ్జి పట్టుకుంటే రెండో చివర ఎడ్ల యజమాని మనిషే పట్టుకుంటాడు. అంకె మైకులో చదివాకే పుస్తకంలో రాస్తాం. ఇంతమంది చేతులు పడితే ఒక్కడి మీద అనుమానం రాదు. తమ్ముడూ, కబడ్డీలో కూడా అంపైర్లిద్దరు, స్కోరర్ ఉంటారు కదా. వాళ్ళని బయటి ఊళ్ళ నుంచి పెట్టించు.

గుంటూరు_విజిల్
ఇది బాగుంది అన్నా. రాసుకున్నా.

గవర్నర్‌పేట_అమ్మ
మా పాప చెస్ ఆడుతుంది. హంపి, హారికలని చూసి మన వైపు పిల్లలు చాలామంది నేర్చుకుంటున్నారు కదా. ఈ చర్చలో ఒకటి చెప్పాలనిపించింది. రెండేళ్ళ కింద ఒక టోర్నమెంట్‌లో అవతలి బాబు ఏనుగుని ముట్టుకుని, వదిలేసి గుర్రం కదిపాడని మా పాప ఆర్బిటర్‌ని పిలిచింది. ముట్టుకుంటే కదపాలి, అది రూల్. ఆయన చూడలేదు. ఇద్దరినీ మెల్లగా అడిగాడు. బాబు ముట్టుకోలేదన్నాడు. పక్క బోర్డుల వాళ్ళు చూడలేదన్నారు. "నేను చూడలేదమ్మా, చూడనిదాని మీద తీర్పు చెప్పలేను, ఆట కొనసాగించండి" అన్నాడు. తర్వాత ఆ రౌండ్ అయ్యేవరకు ఆ బోర్డు పక్కనే నిలబడ్డాడు.

పాప ఓడిపోయింది. బయట నేను ఆయనతో గట్టిగా పోట్లాడాను. మా పాప అబద్ధం చెప్పదు అన్నాను. ఆయన "చెప్పదనే అనుకుంటున్నానండీ, అయినా నేను చూడలేదు" అన్నాడు. ఆ రోజు నాకు ఎంత మండిందో! ఇప్పుడు ఆలోచిస్తే, ఏడుస్తున్న పిల్లని చూసి జాలిపడి మాకు అనుకూలంగా చెప్పి ఉంటే ఆ బాబు తల్లికి ఏం సమాధానం చెప్పేవాడు?

నంబూరు_రైడర్
అమ్మా, ఈ మాట చాలామంది రిఫరీల నోట రాదు. "నేను చూడలేదు" అంటే పరువు పోతుందనుకుని ఏదో ఒకటి ఊదేస్తారు.

తెనాలి_షటిల్
బ్యాడ్మింటన్‌లో సర్వీస్ జడ్జిగా చేస్తా. షటిల్‌ని కొట్టే క్షణంలో అది మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కింద ఉండాలి, 2018 నుంచి ఈ రూల్. అంతకుముందు నడుము లెక్క ఉండేది, పొడుగువాళ్ళకి ఒక ఎత్తు పొట్టివాళ్ళకి ఒక ఎత్తు అయ్యేది. ఇప్పుడు అందరికీ ఒకటే. నేను ఆటగాళ్ళ ముఖాలు చూడను. షటిల్, రాకెట్ తల, అంతే. ఎవరు కొట్టారో చూడకపోతే పక్షపాతం ఎక్కడినుంచి వస్తుంది?

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
షటిల్‌లో కుదురుతుంది. కబడ్డీలో ఏడుగురు ఒకడి మీద పడతారు, ముఖం చూడకుండా కుదరదు. కానీ కాళ్ళు చూడటం అలవాటు చేసుకోవచ్చు. నేను పిల్లలకి చెప్పేది, ముందు పాదాలు, తర్వాత చేతులు, చెవితో కూత.

నాగార్జున_ఎంపీఈడీ
క్లాసులో చదివింది ఒకటి పంచుకుంటా. 2002లో ఇంగ్లండ్‌లో 40 మంది ఫుట్‌బాల్ రిఫరీలకి ఒకే మ్యాచ్‌లోని 47 టాకిల్స్ వీడియో చూపించారు. కొంతమందికి జనం అరుపులతో, మిగతావాళ్ళకి శబ్దం లేకుండా. అరుపులు విన్నవాళ్ళు సొంత మైదానం జట్టు మీద 15 శాతం దాకా తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్ళకి ఆ జట్టు చుట్టమూ కాదు, డబ్బులూ ఇవ్వలేదు. చెవిలో పడిన గోల చాలు. కాబట్టి విజిల్ అన్న చుట్టరికం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఆ రాత్రి ఊరంతా ఒక పక్కనే అరుస్తుంది, దానికి కూడా సిద్ధపడాలి.

పటమట_వాలీబాల్
మరి చెవిలో దూది పెట్టుకోమంటావా? కబడ్డీలో కూత వినపడొద్దూ!

నాగార్జున_ఎంపీఈడీ
దూది కాదు అన్నా. జనం అరిచాక విజిల్ వేస్తే ఆ అరుపు మనలోకి వచ్చేస్తుంది. అరవకముందే నిర్ణయం అయిపోవాలి. దానికి దగ్గరగా, సరైన చోట ఉండాలి. సరైన చోట ఉండాలంటే ఒంట్లో ఓపిక ఉండాలి. ఫిఫా రిఫరీలకి పెట్టే పరీక్షలో 75 మీటర్లు 15 సెకన్లలో పరిగెత్తి, 25 మీటర్లు నడిచి, మళ్ళీ పరిగెత్తాలి. అలా 40 సార్లు. అలిసిపోయిన మనిషి దూరం నుంచి చూస్తాడు, దూరం నుంచి చూసినవాడికి జనం గోలే సాక్ష్యం అవుతుంది.

బెజవాడ_అంపైర్
బాగా చెప్పావు తమ్ముడూ. మే నెలలో బెజవాడ ఎండలో రెండో పూట నిలబడితే తెలుస్తుంది. మూడు గంటలకి కళ్ళు బైర్లు కమ్ముతాయి, అప్పుడే ఎల్బీ అప్పీళ్ళు ఎక్కువ. నేను మజ్జిగ సీసా తీసుకెళ్తా, ప్రతి డ్రింక్స్‌కీ తాగుతా. లీగ్ సీజన్ ముందు రెండు వారాలు నెట్స్ దగ్గర వికెట్ల వెనక ఊరికే నిలబడతా. కాలు గీత దాటిందా అని కిందకి చూసి, వెంటనే తల పైకెత్తి బంతి ఎక్కడ పడిందో చూడటం, ఆ కంటి కదలిక అలవాటు తప్పితే మళ్ళీ రావడానికి టైమ్ పడుతుంది.

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
ఇంకోటి మర్చిపోయా. రూల్స్ ముందే తేల్చుకో. 2023 ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుందా, హాంగ్‌జౌలో మనకీ ఇరాన్‌కీ. 28-28 దగ్గర మన రైడర్ పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై (పాయింట్ తేకపోతే రైడరే అవుట్) రైడ్‌కి వెళ్ళి ఎవరినీ తాకకుండా లాబీలోకి, అంటే కోర్టు రెండు పక్కలా ఉండే పట్టీలోకి, వెళ్ళాడు, వెనకే ఇరాన్ వాళ్ళు కూడా వెళ్ళారు. పాత రూల్ ప్రకారం ఒక లెక్క, కొత్త రూల్ ప్రకారం ఇంకో లెక్క. నిర్ణయం అటూ ఇటూ మారింది, ఆటగాళ్ళు కోర్టు మీదే కూర్చున్నారు, దాదాపు గంట ఆగింది. చివరికి మనం 33-29తో గెలిచాం. గెలిచినందుకు సంతోషమే. కానీ ఆసియా ఫైనల్లోనే ఇలా అయితే మన ఊరి కోర్టు ఎంత? టీవీలో లీగ్ చూసి ఒక జట్టు సూపర్ టాకిల్ (ముగ్గురో అంతకంటే తక్కువమందో ఉండి రైడర్ని పట్టుకుంటే అదనపు పాయింట్) అంటుంది, ఇంకో జట్టు అది లేదంటుంది. లాబీ, డూ ఆర్ డై, సూపర్ టాకిల్, మూడూ ఉన్నాయో లేవో పన్నెండు మంది కెప్టెన్లని కూర్చోబెట్టి చెప్పి, కాగితం మీద సంతకం తీసుకో.

గుంటూరు_విజిల్
అందరివీ చదివాను. ఒక నిర్ణయానికి వచ్చా. తెనాలి వైపు నుంచి ఒక సీనియర్ రిఫరీని మాట్లాడాను, ఆయన మా ఊరి మ్యాచ్‌లు చేస్తాడు, మిగతావి నేను. అంపైర్లు, స్కోరర్ బయటి ఊళ్ళ వాళ్ళే. మామయ్యకి చెప్పా. "నీ మీద నీకే నమ్మకం లేదా" అన్నాడు. సమాధానం చెప్పలేదు. పండగయ్యాక రాస్తా.

పటమట_వాలీబాల్
మంచి ఏర్పాటు. రాయడం మర్చిపోకు.

కృష్ణలంక_కుర్రాడు
కనుమ అయిపోయింది, ముక్కనుమ కూడా అయిపోయింది. అన్నా ఎక్కడ?

గుంటూరు_విజిల్
రాస్తున్నా, కాస్త పెద్దది.

లీగ్ మ్యాచ్‌లు అనుకున్నట్టే జరిగాయి. గీతలు కొలిస్తే బోనస్ గీత ఒక పక్క జానెడు లోపలికి ఉంది, మాస్టారు చెప్పినట్టే. మళ్ళీ గీయించా. గోళ్ళు చూశా. కెప్టెన్ల సంతకాలు తీసుకున్నా. మా ఊరు ఫైనల్‌కి వచ్చింది.

కనుమ రోజు సాయంత్రం తెనాలి ఆయన ఫోన్ చేశాడు, వాళ్ళ అమ్మగారిని ఆస్పత్రిలో చేర్చారు, రాలేనన్నాడు. రాత్రి ఏడయింది, జనం నిండిపోయారు. అవతలి జట్టు కోచ్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఫలానా రైడర్ మా బావమరిది, మీకు ఇష్టం లేకపోతే అంపైర్లలో ఒకాయన రిఫరీగా ఉంటారు, నేను తప్పుకుంటా అన్నా. ఆయన కుర్రాళ్ళతో మాట్లాడొచ్చి "నిన్నటినుంచి చూస్తున్నాం, మీరే ఉండండి" అన్నాడు. ఆ మాటకి సంతోషం కన్నా బరువే ఎక్కువ అనిపించింది.

మైకు దగ్గరున్నాయన "మన ఊరి ఆడపడుచు కొడుకే నేటి రిఫరీ" అని గట్టిగా మొదలుపెట్టాడు. వెళ్ళి ఆపించి, రెండు జట్లూ ఒప్పుకున్నాయని కూడా చెప్పించా.

రెండో హాఫ్, ఇంకో మూడు నిమిషాలుంది. మావాళ్ళు ఒక్క పాయింట్ ముందున్నారు. బావమరిది డూ ఆర్ డై కూతకి వెళ్ళాడు. ఎడమ కార్నర్ వైపు దూకి, కాలు చాపి, వెనక్కి తిరిగి నడి గీత దాటాడు. తగిలిందని చెయ్యెత్తాడు. నేను కుడి వైపు ఉన్నా. నాకు కనిపించింది కార్నర్ కుర్రాడి వీపు మాత్రమే. అటువైపు అంపైర్‌ని చూశా, ఆయన తల అడ్డంగా ఊపాడు. ఖాళీ రైడ్ అని అవుట్ ఇచ్చా. ఊరంతా లేచి అరిచింది. వాడు నన్నే చూస్తూ వెళ్ళి కూర్చున్నాడు.

రెండు రైడ్ల తర్వాత ఆ కార్నర్ కుర్రాడు నా ముందు నుంచే వెళ్తూ మడమ రుద్దుకుంటూ పక్కవాడితో "గట్టిగానే తగిలిందిరా" అన్నాడు. నేను విన్నా.

అప్పుడు నా పరిస్థితి ఏంటో ఇక్కడ మీకే అర్థమవుతుంది. ఇంకో రెండు నిమిషాలుంది. తర్వాతి రైడ్‌లో అవతలివాడు నడి గీత దగ్గర పట్టు పడ్డాడు, చెయ్యి గీత దాటిందా లేదా అన్నది వెంట్రుకవాసి. చెయ్యి దాటింది. నేను చూశా. దాటలేదు అంటే లెక్క సరిపోయేది. అంపైర్ కూడా నా వైపే చూస్తున్నాడు. నిరుటి పిల్ల గుర్తొచ్చింది. దాటింది అని విజిల్ వేశా.

మావాళ్ళు ఒక్క పాయింట్‌తో ఓడిపోయారు. మ్యాచ్ అయ్యాక ఇద్దరు కెప్టెన్లనీ పిలిచి, ఆ డూ ఆర్ డై రైడ్‌లో తప్పు నాది, టచ్ అయింది, నాకు కనపడలేదు అని చెప్పా. బావమరిది "నేను చెప్పా కదా" అని వెళ్ళిపోయాడు. మామయ్య మాట్లాడటం మానేశాడు. మర్నాడు అత్తయ్య అరిసెల డబ్బా మా అమ్మకి పంపింది.

గవర్నర్‌పేట_అమ్మ
చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి బాబూ.

పటమట_వాలీబాల్
నీ దగ్గర తప్పేం లేదు. కనపడలేదు, అంపైర్‌ని అడిగావు, ఆయన లేదన్నాడు. తర్వాతి రైడ్ మొదలయ్యాక వెనక్కి వెళ్ళడం ఉండదు. మ్యాచ్ అయ్యాక ఒప్పుకోవడం కూడా అవసరం లేదేమో. దానివల్ల గెలిచినవాళ్ళ సంతోషం కూడా పాడయింది కదా?

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
ఒప్పుకోవడం మంచిదే. దాచి ఉంటే ఇంకో ఏడాది మోసేవాడు.

నంబూరు_రైడర్
రెండో విజిల్ విషయంలో మీకు దండం పెడతా. కానీ మొదటిదాని గురించి ఒక ప్రశ్న, బాధపడకండి. ఆ రైడర్ మీ బావమరిది కాకుండా వేరేవాళ్ళయితే ఏం చేసేవారు? ఇంకో అంపైర్‌ని కూడా పిలిచి, ముగ్గురూ మాట్లాడుకునేవారా? సొంతవాళ్ళని గెలిపించానన్న మాట రాకూడదని తొందరగా అవుట్ ఇచ్చారేమో. మా నాన్న మా స్కూల్లోనే మాస్టారు. తన కూతురికి ఎక్కువ వేశాడంటారని నాకు ఎప్పుడూ రెండు మార్కులు తక్కువే వేసేవాడు. సొంతవాళ్ళ మీద గట్టిగా ఉండటం కూడా ఒక పక్షపాతమే. దానికి ఊరు చప్పట్లు కొడుతుంది కాబట్టి ఎవరూ తప్పనుకోరు.

కృష్ణలంక_కుర్రాడు
అక్కా, ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు.

బెజవాడ_అంపైర్
నాకు జరిగింది. నాతో ఒకే క్లబ్‌లో పదేళ్ళు ఆడినవాడు బ్యాటింగ్‌కి వచ్చాడు. బంతి లెగ్ స్టంప్ బయట పడింది. దాని మీద ఎల్బీ ఎప్పటికీ లేదు, పుస్తకంలో మొదటి పేజీ లాంటి రూల్. వేలెత్తేశా. అప్పీల్ వినగానే నా బుర్రలో మెదిలింది "వాడు నా స్నేహితుడని అందరికీ తెలుసు" అన్నదే. బంతి ఎక్కడ పడిందన్నది కాదు.

గుంటూరు_విజిల్
అక్కా, రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. మీరన్నది కొంత నిజం. చెయ్యెత్తింది వేరేవాడైతే విజిల్ ఆపి ఇద్దరు అంపైర్లనీ మధ్యలోకి పిలిచేవాణ్ణి. వీడు కాబట్టి పిలిస్తే "బావమరిది కోసం చర్చలు" అంటారనిపించింది. అందుకే ఒక్క చూపుతో తేల్చేశా.

ఒకరి ఫోన్ వీడియో దొరికింది. ఇరవై సార్లు చూసుంటా. టచ్ స్పష్టంగా ఉంది, మడమ మీద. ఆ అంపైర్ ముందుకి కూడా సరిగ్గా అప్పుడే ఇంకో డిఫెండర్ అడ్డం వచ్చాడు. నేను మాత్రం రైడర్ ఎడమకి కదిలినా కుడి వైపే ఉండిపోయా. నాలుగు అడుగులు వేస్తే కనపడేది. ముందు రెండు రైడ్లకి కదిలాను, దీనికి కదల్లేదు. ఎందుకో అర్థం కావట్లేదు. మా ఊరి జనమంతా కూర్చుంది ఎడమ వైపే.

నాగార్జున_ఎంపీఈడీ
అన్నా, జనం వైపు వెళ్ళకూడదని కాళ్ళే ఆగిపోయాయా?

గుంటూరు_విజిల్
అయ్యుండొచ్చు తమ్ముడూ. మాస్టారూ, రైడర్ కార్నర్ మీదకి వెళ్ళినప్పుడు నేను ఎక్కడ ఉండాలి? పుస్తకంలో చదివింది చాలట్లేదు.

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
రాస్తే వచ్చేది కాదది. ఆదివారం పొద్దున ఆరింటికి బి.ఆర్. స్టేడియానికి రా. పిల్లలు ప్రాక్టీస్‌కి వస్తారు. వాళ్ళు వంద రైడ్లు వేస్తారు, నువ్వు విజిల్ లేకుండా కాళ్ళు మాత్రం కదుపు. ఎక్కడ నిలబడ్డావో ప్రతిసారీ సున్నంతో నేను గుర్తు పెడతా.

నంబూరు_రైడర్
మాస్టారూ, మా అమ్మాయిలు నలుగురిని తీసుకురానా?

రిటైర్డ్_డ్రిల్_మాస్టారు
తీసుకురా తల్లీ. గోళ్ళు కత్తిరించుకు రమ్మను.

గుంటూరు_విజిల్
ఐదున్నరకే ఉంటాను. సున్నం నేను తెస్తా మాస్టారూ.